గంట వినిపించని బడి

గోడాదరా, సూరత్.
21-7-1996, ఆదివారం.

చిరంజీవి ప్రసన్నకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ నేనూ సుమనా క్షేమం. 'మేమందరం' అని రాయబోయి ఆగాను. ఇద్దరికి ఆ మాట పెద్దదనిపించింది. నువ్వు హన్మకొండలో క్షేమంగా ఉన్నావని తలుస్తాను.

నీ ఉత్తరం బుధవారం అందింది. అడిగినవాటికి ముందు జవాబులు. నా దగ్గు తగ్గింది. సుమన జడ నేనే వేస్తున్నాను. మొదట్లో పాపిట వంకర వచ్చేదని ఏడ్చేది. ఇప్పుడూ వంకరే వస్తుంది, కానీ అది ఏమీ అనడం లేదు. అమ్మ నీలం అంచు చీర వరంగల్ వెళ్ళే వెంకటవ్వ చేతికి ఇచ్చాను. నువ్వు రాసినట్టే ఉతకలేదు.

వానలు గట్టిగానే ఉన్నాయి. అయినా ఈ ఏడాది మన గల్లీలో నీళ్ళు నిలవలేదు. ప్లేగు తర్వాత ఊరంతా కాలువలు బాగుచేశారని కిందటిసారి రాశాను కదా. పొద్దున్నే చెత్త బండి కూడా వస్తోంది. అమ్మ సంవత్సరీకం శ్రావణ బహుళ పంచమి. మధ్యలో అధికమాసం వచ్చినందువల్ల ఈసారి సెప్టెంబరు మొదట్లో పడింది. ఆ సంగతి చివర రాస్తాను.

ఇక నీ అసలు ప్రశ్న. 'నాన్న అమ్మ బడిని మూసేశాడు. నేను మళ్ళీ తెరిచాను. నువ్వు వచ్చి అమ్మ కుర్చీలో కూర్చో' అని సోమలింగం మామ నీకు రాశాడన్నావు. అది నిజమా అని అడిగావు. నిజమే. మూసింది నేనే, తెరిచింది అతనే. నెలాఖరులోగా అతనికి జవాబు చెప్పాలని కూడా రాశావు. నీ బి.ఎడ్. పూర్తయింది. నిర్ణయం నీది. నేను రమ్మనను, వద్దనను. అయితే మామ వైపు కథ నీకు తెలుసు. నా వైపు కథ తెలియదు. నీకు తెలిసినవి కూడా కొన్ని మళ్ళీ రాస్తున్నాను. అన్నీ ఒకచోట పెట్టి చూస్తే తప్ప నాకే అర్థం కాలేదు.

మనం బాలజ్యోతి బడి పెట్టినప్పుడు నువ్వు ఆరో తరగతి. ఖాతా మీద రెండు గదులు. ఇక్కడివాళ్ళు సాంచల, అంటే మరమగ్గాల, షెడ్డును ఖాతా అంటారని హన్మకొండలో నీ స్నేహితులకు చెప్పి నవ్వించేదానివి. కింద సాంచలు ఆడుతుంటే పైన బల్లలు వణికేవి. గంట కొడితే ఎవరికీ వినిపించేది కాదు. అప్పుడు అమ్మ గోడకు ఒక ఎర్ర బల్బు పెట్టించింది. తరగతి మారాలంటే బల్బు వెలిగేది. కరెంటు సెలవు రోజున సాంచలు ఆగేవి, బల్బూ వెలిగేది కాదు. ఆ రోజు అమ్మ స్టీలు కంచం మీద గరిటెతో కొట్టేది. పిల్లలకు అది పండుగలా ఉండేది. సాంచల మోత లేకపోయినా అలవాటుకొద్దీ అరుచుకుంటూ మాట్లాడేవాళ్ళు.

అమ్మ గొంతు ఎప్పుడూ బొంగురుగా ఉండేది కదా. అది ఆ గదుల్లో పోగొట్టుకున్న గొంతు.

రోడ్డుకు అవతల మునిసిపాలిటీ బడి. అక్కడ మనవాళ్ళ కోసం తెలుగు తరగతులున్నాయి. మనం మొదలుపెట్టిన ఏడాది ఆ తరగతుల్లో పిల్లలు కిటికీల దాకా కూర్చునేవాళ్ళు. మనం ఎవరినీ లాగలేదు. ఇంగ్లీషు మీడియం అన్నాం, వాళ్ళే వచ్చారు. నెల పగార్ కాస్త బాగున్న ఇళ్ళ నుంచి ముందు వచ్చారు. పిల్లలతోపాటు వాళ్ళ తల్లిదండ్రులూ ఇటు వచ్చేశారు. కుళాయి రాకపోతే ఆఫీసుకు పోయి గొడవ చేసేవాళ్ళు, అర్జీ రాయగలవాళ్ళు, పెద్దమనుషులను ఎరిగినవాళ్ళు. అవతల అడిగేవాళ్ళు లేని పిల్లలు మిగిలారు. ఆ తర్వాత ఆ బడి కప్పు కారింది. ఎవరూ అడగలేదు. ఒక టీచరు బదిలీ అయింది. కొత్తవాళ్ళు రాలేదు. అదీ ఎవరూ అడగలేదు. అప్పుడు మనవాళ్ళందరూ ఒకటే మాట అన్నారు: 'చూసినవా, సర్కారు బడి ఎట్లుందో.'

నేనూ అన్నాను.

అమ్మ పోయిన ఆరేడు నెలలకు, ఈ ఫిబ్రవరిలో, ఆ బడి తెలుగు టీచరు రాజలింగం మన ఇంటికి వచ్చాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"సార్, నేను అడుక్కోనికి వచ్చిన. పైసలు గాదు, పిల్లల్ని," అన్నాడు.

జూన్‌లో పిల్లల సంఖ్య చూసి తెలుగు తరగతులు తీసేసే ఆలోచన ఉందట. ఉన్న కొద్దిమందిని గుజరాతీ తరగతుల్లో కలుపుతారట. "కలుపుతరు అంటే ఏంది సార్, రెండు నెలలు కూసుంటరు, సమజ్ గాదు, మూడో నెల ఖాతాల దారం కండెలు చుట్టనీకి పోతరు," అన్నాడు. కొందరిని పంపమని అడిగాడు. నేను ఆలోచిస్తానని చెప్పి టీ ఇచ్చి పంపించాను. ఆలోచించలేదు. అప్పటికి నేను దేని గురించీ ఆలోచించడం లేదు. పొద్దున బడికి పోయి లెక్కలు చెప్పడం, సాయంత్రం వచ్చి అన్నం వండడం, అంతే.

మార్చిలో మెట్ల కింద పైపు కారుతోందని చెప్పడానికి ఖాతాలోకి దిగాను. కండెలు చుట్టే పోశమ్మ నీకు గుర్తుండే ఉంటుంది. వాకిట్లో ఎప్పుడూ తలకు తువ్వాలు కట్టుకుని కనిపించేది. ఆమె ఈ చివర కండెల మిషను దగ్గర ఉంది. ఆమె కూతురు ఊర్మిళ ఆ చివర బస్తా మీద కూర్చుని ఉంది. మధ్యలో సాంచలన్నీ ఆడుతున్నాయి. పక్క మనిషి మాట వినపడని చోట ఆ తల్లీ బిడ్డా మాట్లాడుకుంటున్నారు. పెదవులతో, చేతులతో. ఆ పిల్ల ఆ రోజు బడిలో చెప్పిన పాఠం చెబుతోంది. సముద్రం నీళ్ళు ఆవిరై మబ్బు కావడం, మబ్బు కొండకు తగిలి వాన కావడం. వేళ్ళు పైకి పోయాయి, పిడికిలి అయ్యాయి, మళ్ళీ విడిపోయి కిందికి రాలాయి. తల్లి ఏదో అడిగింది. పిల్ల నవ్వి బొటనవేలూ చూపుడువేలూ కలిపి రుద్దింది.

ఆ సైగ నీకు తెలుసు. తాతయ్య దగ్గర చూసేదానివి. తెగిన పోగు అతికించాను, ఇక సాంచ నడుపు అని. మగ్గం మనుషులం పని పూర్తయిందని చెప్పడానికీ, మాట ఇవ్వడానికీ అదే వాడతాం. ముప్పై ఏళ్ళు సాంచల మధ్య పనిచేసి తాతయ్య చెవులు పోగొట్టుకున్నాడు. ఇంట్లో మేమందరం ఆయనతో అలాగే మాట్లాడేవాళ్ళం. అందుకే ఆ పిల్ల చెప్పిన పాఠం నాకు ముక్క పోకుండా అర్థమైంది.

కాసేపటికి ఆ పిల్ల నీళ్ళ కోసం బయటికి వచ్చింది. నేను వెనక నుంచి పేరు పెట్టి పిలిచాను. తిరగలేదు. రెండోసారి గట్టిగా పిలిచాను. చెంబు కడుక్కుంటూనే ఉంది. ముందుకు వెళ్ళి నిలబడి, గొంతు లేకుండా పెదవులు మాత్రం కదిపి, "ఏ తరగతి?" అన్నాను.

"నాలుగు!" అంది. గల్లీ చివరి దాకా వినిపించేంత గట్టిగా.

సాంచల పక్కన పెరిగినందుకో, చిన్నప్పుడు చెవిలో చీము కారినందుకో, ఆ పిల్లకు సగానికి పైగా వినిపించదు. మాట్లాడేవాళ్ళ మూతి చూసి అర్థం చేసుకుంటుంది. పోశమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"మీ బడికి తెచ్చిన సారూ, నాలుగేండ్ల కింద. అమ్మగారు పరీక్ష వెట్టింది. అయిదారు అడిగింది. ఇది ఒక్కదానికీ పలకలే. పిల్ల మందమున్నది, రెండేండ్లు ఆగి తే అన్నది. నేను మల్ల రాలే."

కోపంగా చెప్పలేదు. నేను అడిగాను కాబట్టి చెప్పింది.

నాకు ఆ గది కళ్ళకు కట్టింది. కొత్త పిల్లలకు అమ్మ పరీక్ష ఎలా పెట్టేదో నువ్వు చూశావు. బోర్డు మీద బొమ్మ వేస్తూ, వేస్తూనే అడిగేది. 'ఇదేమిటి? ఇదేం రంగు?' అంటూ. వీపు పిల్లల వైపు ఉండేది. తల మీద ఎర్ర బల్బు ఉండేది. ప్రసన్నా, గంట వినిపించదని బల్బు పెట్టుకున్న బడి మనది. నేతగాళ్ళ ఇళ్ళలో పుట్టి, చెవులు పోయిన తండ్రుల దగ్గర పెరిగినవాళ్ళం. పెద్దవాళ్ళకే చెవులు పోతాయనుకున్నాం. ఆరేళ్ళ పిల్ల పలకకపోతే మందమన్నాం.

అమ్మను తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. ఫీజు తీసుకునే బడికి ఫలితాలు కావాలి. ఫలితాలు కావాలంటే పిల్లల్ని ఏరుకోవాలి. అమ్మ ఏరింది. ఏరిన పిల్లలకు నేను లెక్కలు చెప్పి మంచి మాస్టారునని పేరు తెచ్చుకున్నాను. అవతలి బడికి ఏరుకునే హక్కు లేదు. తలుపు దగ్గరికి ఎవరొస్తే వాళ్ళను కూర్చోబెట్టుకోవాలి. రాజలింగం ఊర్మిళను మొదటి బల్ల మీద కూర్చోబెట్టాడు. అతను గొప్పవాడేం కాదు. ఆలస్యంగా వస్తాడు, లెక్కల్లో నాకన్నా బలహీనుడు. కానీ ఆ పిల్ల అతని గదిలో ఉంది.

ఊర్మిళను మన బడిలో ఉచితంగా చేర్చుకుంటే పోయేది కదా అని నువ్వు అంటావు. మామ కూడా అదే అన్నాడు. నేనూ పోశమ్మను అదే అడిగాను. 

"మంచిదే సారూ. మరి దాని జతకు ఇంకో పది పదిహేను మంది ఉన్నరు గదా ఆ బళ్ళె. అందర్ని తీస్కపోతవా?"

"అందరినీ అంటే..."

"అదే. అక్కడైతే నా బిడ్డ పోతది, కూసుంటది. ఎవ్వలకు దండం పెట్టేది లేదు. నీ బళ్ళె అయితే నువ్వు మంచిగున్నన్ని దినాలు ఉంటది. నీకు కోపమొచ్చిన్నాడు నేను మల్ల మెట్లెక్కి రావాలె."

చెప్పాల్సిన పైపు సంగతి మరిచిపోయి పైకి వచ్చేశాను. 

ఏప్రిల్ చివర మార్కండేయ మందిరం హాల్లో మన నేతవాళ్ళ సమాజం మీటింగు. పెళ్ళి వంటపాత్రల అద్దె గురించి మాట్లాడటం అయ్యాక నేను లేచాను. రాసుకుని వెళ్ళలేదు. మన గల్లీల్లోని ప్రైవేటు బళ్ళన్నీ మూసేద్దాం, మొదట నాది మూస్తాను అన్నాను. అందరి పిల్లలూ, సాంచల యజమానుల పిల్లలతో సహా, సర్కారు బడికే పోవాలి. అప్పుడు ఆ బడికి టీచర్లు కావాలని అడిగేది మనమే అవుతాం. మన ఊర్లో అనే కాదు, దేశంలో ఎక్కడా చదువు అమ్మకానికి ఉండకూడదని నా అభిప్రాయం అని కూడా చెప్పాను. ప్లేగు సంగతి గుర్తుచేశాను. కంపు గరీబు గల్లీలదే అనుకున్నంత కాలం కాలువలు ఎవరూ పట్టించుకోలేదు. రోగం ధనవంతుల ఇళ్ళ దాకా వస్తుందని తెలిశాక అందరికీ కలిపి ఒకే కాలువ కట్టారు అన్నాను.

"అంటే బడికి గూడ ప్లేగు రావాలంటవా సారూ?" అన్నాడెవరో వెనక నుంచి. హాలంతా నవ్వారు. నేనూ నవ్వి ఉంటే బాగుండేది. నాకు నవ్వు రాలేదు.

ఒక ముసలాయన లేచాడు. ఎనిమిది సాంచల యజమాని. నెమ్మదిగా మాట్లాడాడు.

"మా అయ్య నన్ను సర్కారు బడికే పంపిండు. నేను సాంచ కాడికే వచ్చిన. నా మనుమడ్ని గూడ గదే తొవ్వల పొమ్మంటవా? జర సోంచాయించి చెప్పు."

ఈ మాట నిజం. దీన్ని కొట్టిపారెయ్యలేను. బడి ఎప్పుడు బాగుపడుతుందో తెలియదు, మనవడు మాత్రం ఈ ఏడాదే పెద్దవాడవుతాడు. 'అందరం ఒకేసారి వెళ్తేనే అది మారుతుంది' అని మాత్రం అన్నాను. నా గొంతు నాకే అతకనట్టు వినిపించింది.

అప్పుడు మామ లేచాడు. "బావా, నువ్వు బీఎస్సీ చదివినోనివి. మా అక్క చెమటతోని నడిచిన బడి అది. ఆమె పోయి ఏడాది గాలే. నీకు దుఃఖమున్నదని మా పిల్లల మీద తీర్చుకుంటవా?"

 నేను కూర్చున్నాను.

తీర్మానానికి చేతులెత్తమన్నారు. లేచిన చేతులు ఒక చేతి వేళ్ళకు సరిపోతాయి. అప్పుడు గుమ్మం దగ్గర ఆడవాళ్ళలో నుంచి పోశమ్మ చెయ్యి లేచింది.

"ఏయ్ పోశవ్వా, నువ్వెందుకు లేపినవే? నువ్వు మెంబరువా?"

"మెంబరు గాకపోతే చెయ్యి ఉండదా సేటూ?"

మళ్ళీ నవ్వారు. ఆమె చెయ్యి లెక్కలోకి తీసుకోలేదు. ఆమె మాత్రం అందరూ లేచి చెప్పులు వేసుకునేదాకా దించలేదు.

తీర్మానం వీగిపోయింది. నా బడి మూయడానికి ఎవరి తీర్మానమూ అక్కర్లేదు కాబట్టి మే నెలలో మూశాను. తల్లిదండ్రులను పిలిచి చెప్పాను. ఒకామె, "మా పోరన్ని యాడ ఏస్తం సార్?" అని ఏడ్చింది. రోడ్డు అవతలికి చూపించి, నా బిడ్డ కూడా అక్కడికే వస్తుందన్నాను. కొందరు తిట్టారు. రెండు మూడు రోజులు మన తలుపు ముందు ఎవరో చెత్త పోశారు. బల్లలు మునిసిపాలిటీ బడికి ఇచ్చేశాను. నేను ఇప్పుడు రింగ్ రోడ్డు మార్కెట్లో చీరల దుకాణంలో లెక్కలు రాసే మెహతాజీగా పనిచేస్తున్నాను. లెక్కలే కదా, అలవాటైన పనే.

సుమనకు చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. డుమస్ తీసుకెళ్ళి, టమాటా భజియా కొనిపెట్టి, సముద్రం వైపు చూస్తూ చెప్పాను. అది భజియా పొట్లం ఇసుకలో పెట్టేసింది.

"ఉధర్ పంఖా భీ నహీ హై నాన్నా. ఫ్యానే లేదు, అక్కడ అందరూ కింద కూసుంటారు."

"మన బల్లలు ఇచ్చాను. కింద కూర్చోరు."

"మమ్మీ ఉంటే పంపేదా?"

పంపేది కాదు అన్నాను. అబద్ధం చెప్పలేకపోయాను. నీకూ చెప్పను. అమ్మ ఒప్పుకునేది కాదు. తనుంటే నాతో వాదించి గెలిచేది కూడా. ఆమె పోయింది కాబట్టే చేయగలిగాను. ఈ మాట రాసి చాలాసేపు చూశాను, కొట్టెయ్యలేదు.

జూన్‌లో బళ్ళు తెరిచారు. మన పిల్లల్లో నాలుగో వంతు కూడా అవతలికి రాలేదు. మిగిలినవాళ్ళు పర్వత్ పాటియా వైపు ప్రైవేటు బడికి వెళ్ళారు. రెండు వారాలు కాకముందే మామ ఆ రెండు గదులూ అద్దెకు తీసుకుని కొత్త బోర్డు కట్టాడు. దాని మీద అమ్మ పేరు పెట్టాడు. పోయినవాళ్ళలో సగం మంది వెనక్కి వచ్చారు. నేను మూసింది బడిని కాదు, నా ఉద్యోగాన్ని మాత్రమే అని మార్కెట్లో ఒకతను అన్నాడు. సరిగ్గానే అన్నాడు. వచ్చిన కొద్దిమంది వల్ల ఈ ఏడాదికి తెలుగు తరగతులు నిలిచాయి. వచ్చే జూన్‌లో మళ్ళీ పిల్లల లెక్క చూస్తారు.

బల్బు సంగతి కూడా రాయాలి. అది నేను విప్పుకొచ్చి రాజలింగం గదిలో పెట్టించాను. అక్కడ సాంచల మోత లేదు. గంట అందరికీ వినిపిస్తుంది, ఊర్మిళకు తప్ప. ఆ పిల్ల పక్కవాళ్ళు లేచేదాకా తెలియక కూర్చునేది. ఇప్పుడు గంట కొట్టినప్పుడల్లా బల్బు వెలుగుతుంది. మామ ఒకరోజు మన ఇంటికి వచ్చాడు. లోపలికి రాలేదు.

"బావా, బల్బు ఇయ్యి. పైన పిల్లలకు గంట ఇనొస్తలేదు."

"బజార్లో దొరుకుతుంది సోమలింగం."

"బల్బు దొరుకుతది. అది మా అక్క పెట్టింది."

అతను ఏడ్చాడు. అమ్మ దినం రోజు కూడా అతన్ని అలా చూడలేదు. నేను ఇవ్వలేదు. అతను చెడ్డవాడు కాదు ప్రసన్నా. అక్క బడి బతకాలని నిజంగా కోరుకుంటున్నాడు. నీకు మంచి జీతమూ ఇస్తాడు. ఈ మాట నా వైపు నుంచి కూడా చెప్పాలని రాశాను.

ఇక ఇంతసేపూ రాయకుండా దాటేసింది ఒకటి ఉంది.

కామెర్లు ముదిరాక నర్సింగ్ హోం వాళ్ళు అమ్మను తీసుకుపొమ్మన్నారని నీకు తెలుసు. సర్కారు దవాఖానలో మంచం దొరకలేదు, కింద పరుపు వేశారు. వెళ్ళమని మాత్రం ఎవరూ అనలేదు. నువ్వు హన్మకొండ నుంచి వచ్చేసరికి అమ్మకు స్పృహ లేదు. ఆ ముందు రోజు మధ్యాహ్నం ఉంది. గొంతు లేదు, పెదవులు కదిపింది. నేను తాతయ్య కొడుకును, చదవగలను. 'బడి' అంది. 'ప్రసన్నకు' అంది. రెండుసార్లు అంది. నేను బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఆమె కళ్ళ ముందు రుద్దాను. పోగు అతికింది అని. ఆమె అది చూసి కళ్ళు మూసుకుంది. 

బడి నీది. అమ్మ నీకు ఇచ్చింది. మధ్యలో దాన్ని నీకు అందించాల్సిన మనిషిని నేను. అందించలేదు. నిన్ను అడగలేదు కూడా. అడిగితే నువ్వు వద్దంటావనీ, వద్దంటే మూయలేననీ తెలుసు. మామ ఉత్తరం రాకపోతే ఇది నీకు ఎప్పటికీ చెప్పేవాణ్ణి కాదేమో.

ఆ గదుల్లో కూర్చోవాలని నీకు అనిపిస్తే అది అమ్మ కోరికే. నేను అడ్డం రాను, నీ ఇంటి తలుపు నీకు మూయను. ఒక్కటే అడుగుతున్నాను. పరీక్ష పెట్టేటప్పుడు పిల్లల వైపు తిరిగి నిలబడు.

లేదా ఏమీ నిర్ణయించుకోకుండా సంవత్సరీకానికి రా. మామా వాళ్ళు వస్తారో రారో తెలియదు. పిలుస్తాను. వచ్చినప్పుడు ఒక పూట రోడ్డు అవతలి బడిలో వెనక బల్ల మీద కూర్చో. చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. వాన వస్తే ఒక మూల ఇంకా కారుతోంది. దాని గురించి అర్జీ రాశాను. ఇరవై మందికి పైగా సంతకాలు చేశారు, పోశమ్మ వేలిముద్ర వేసింది. జవాబు రాలేదు. మళ్ళీ రాస్తాను.

సుమన మొదటి నెల నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పుడు ఊర్మిళ పక్కన కూర్చుంటోంది. సాయంత్రాలు మన మేడ మీద ఇదీ, ఖాతా గుమ్మంలో అదీ నిలబడి, మధ్యలో రోడ్డంతా రిక్షాలు పోతుంటే, చేతులతో గంటలకొద్దీ ముచ్చట్లు. ఏం మాట్లాడుకుంటారో నాకు దాదాపు అంతా తెలుస్తుంది. నాకు తెలుస్తుందని సుమనకు తెలియదు. మొన్న నేను వంటింట్లో నుంచి లెక్కలు చేశావా అని అడిగాను. కుక్కరు కూస్తోంది. అది గుమ్మంలో నిలబడి, నోరు విప్పకుండా, బొటనవేలూ చూపుడువేలూ కలిపి రుద్ది చూపించింది.

ఆ సైగ ఈ ఇంట్లో ఇంతకుముందు ఎవరు ఎవరికి చేశారో దానికి తెలియదు. నేను స్టవ్ ఆపాను. తర్వాత దాని పుస్తకం తెచ్చి చూశాను. లెక్కలు నిజంగానే చేసింది.

నీ జవాబు మామకు రాసినా నాకు రాసినా ఒకటే. రాయడం మాత్రం మానకు.

ఇట్లు,
నీకు అందించాల్సింది అందించలేకపోయిన
మీ నాన్న,
శ్యాంసుందర్.